కొత్త ఇయర్‌ఫోన్స్‌ని వంద గంటలు ఆడిస్తే సౌండ్ నిజంగా మారుతుందా?

రెండోచెవి
నాలుగు రోజుల క్రితం వైర్ ఉన్న ఇయర్‌ఫోన్స్ కొన్నాను. రెండు వేల లోపే, లోపల శబ్దం చేసే బుల్లి స్పీకర్, అంటే 10 ఎంఎం డైనమిక్ డ్రైవర్ ఒక్కటే ఉంది. రివ్యూల్లో అందరూ ఆహా ఓహో అన్నారు. నాకేమో పాటలో స, శ, ష వచ్చినప్పుడల్లా చెవిలో సూది గుచ్చినట్టుంది. భక్తి పాటలైతే మరీ ఘోరం, "శ్రీ" అంటే చాలు ఉలిక్కిపడుతున్నా. బాస్ చూస్తే పక్కింట్లోంచి వినబడుతున్నట్టు ఉంది. అమ్మినతన్ని అడిగితే "కొత్తవి కదా సార్, ఇంకా బర్న్ ఇన్ కాలేదు, పింక్ నాయిస్ పెట్టి ఓ వంద గంటలు వదిలేయండి, రెండొందలైతే ఇంకా మంచిది" అన్నాడు. బర్న్ ఇన్ అంటే గంటలకొద్దీ ఆడించి కొత్త డ్రైవర్‌ని కుదురుకోనివ్వడమట, పింక్ నాయిస్ అంటే నీళ్ళు పడుతున్నట్టు ఏకధాటిగా హోరుమనే శబ్దం. సరే కదా అని రెండు రాత్రులు పాత ఫోన్‌కి తగిలించి హాల్లో వదిలేసి పడుకున్నా. మొదటి రాత్రే మా అమ్మ లేచి "కుళాయి ఎవర్రా కట్టకుండా వదిలేసింది" అని ఇల్లంతా వెతికింది.

ఇప్పటికి 18 గంటలైంది. తేడా వచ్చిందో లేదో నాకే తెలియట్లేదు. ఒకసారి వచ్చినట్టు ఉంటుంది, టీ తాగొచ్చి వింటే మళ్ళీ సూదులే. అసలు ఎన్ని గంటలు కావాలి? పింక్ నాయిసే పెట్టాలా, మామూలు పాటలు చాలవా? వాల్యూమ్ ఎంత పెట్టాలి?

నైట్‌షిఫ్ట్_నాని
కుళాయి దగ్గరే ఆగిపోయాను, ముందుకి చదవలేకపోతున్నా. మా ఇంట్లో అయితే ట్యాంక్ పొంగుతోందని నాన్న మేడెక్కేవాడు.

బాస్_బాబాయ్
18 గంటలకే కంగారు పడితే ఎలా. నా లెక్క చెప్తా రాసుకో. 40 గంటలు పింక్ నాయిస్, 40 గంటలు కింద 20 హెర్ట్జ్ నుంచి పైన 20 వేల దాకా మెల్లగా ఎక్కే శబ్దం, అదే స్వీప్, తర్వాత 40 గంటలు డప్పు, తవిల్ బాగా ఉన్న పాటలు. మధ్యలో గంటకోసారి పది నిమిషాలు ఊపిరి పీల్చుకోనివ్వాలి. వాల్యూమ్ నువ్వు వినేదానికంటే కొంచెం ఎక్కువ. ఇప్పటికి 14 జతలు ఇలాగే తయారు చేశాను, ఒక్కటి కూడా నన్ను మోసం చేయలేదు. 60 దాటాక మెల్లగా విచ్చుకుంటాయి. కొత్త చెప్పులు మొదటి వారం కరవవా? వారం తొడిగితే అవే మెత్తబడతాయి. ఇదీ అంతే.

చిట్టిగారె
మెత్తబడేది చెప్పా, లేక కాలికి కాయ కాస్తుందా బాబాయ్?

బాస్_బాబాయ్
రెండూను.

చిట్టిగారె
అదే నేననేదీ. చెవికి కాయ కాసింది, చెప్పు మారిందని మీరంటున్నారు.

గోదారి_గట్టు
వాల్యూమ్ విషయంలో మాత్రం బాబాయ్ మాట కాస్త ఆలోచించి వినండి. నేను ఓసారి "కొంచెం ఎక్కువ" అంటే ఎంతో తెలియక ఆంప్లిఫయర్‌కి తగిలించి ముప్పావు దాకా తిప్పి వదిలేశా. పొద్దున్నే చూస్తే ఎడమ పక్కన తుమ్మెద దూరినట్టు జుయ్యి మంటోంది. బర్న్ ఇన్ కాదు, ఉత్త బర్న్. మూడు వేల అయిదొందలు. ఇంట్లో ఇప్పటికీ చెప్పలేదు.

కోఠిగల్లీ
నేను ఈ లైన్‌లో నాలుగేళ్ళు కౌంటర్ మీద కూర్చున్నవాణ్ణి, ఇప్పుడు లేను, కాబట్టి ఉన్నమాట చెప్పొచ్చు. కస్టమర్ వచ్చి సౌండ్ బాలేదు అంటాడు. నువ్వు మార్చి ఇస్తే ఆ ముక్క తిరిగి కంపెనీకి పంపాలి, వాళ్ళు "లోపమేమీ లేదు" అని వెనక్కి కొడతారు, నష్టం నీ నెత్తిన పడుతుంది. అందుకని ఏం చెప్తామంటే "వంద గంటలు ఆడించండి సార్". రోజుకి రెండు మూడు గంటలు వినేవాడికి వంద గంటలంటే నెల దాటిపోతుంది. ఈలోపు చెవికి అలవాటైపోయి నూటికి తొంభై మంది మళ్ళీ రారు. వచ్చినవాడికి వాపసు గడువు ఉండదు.

ఇంకో లెక్క చూడండి. ఏడు రోజులంటే మొత్తం 168 గంటలు. రాత్రీ పగలూ ఆపకుండా ఆడించినా 200 గంటలు అయ్యేసరికి తొమ్మిదో రోజులో ఉంటావు. వారం వాపసు ఉన్న వస్తువుకి 200 గంటలు అని ఎందుకంటారో ఇప్పుడు అర్థమైందా? తమ్ముడూ నీ డబ్బాలో చీటీ ఉంటుంది, గడువు ఎప్పటిదాకా ఉందో ముందు అది చూడు. మిగతా చర్చ తర్వాత.

రెండోచెవి
ఏడు రోజులే. ఇంకా మూడు రోజులుంది. ఇప్పుడు నిజంగా టెన్షన్ మొదలైంది.

ఓంమీటర్
స్పీకర్ల టెస్టింగ్‌లో కొన్నేళ్ళు పనిచేశాను. బాస్_బాబాయ్ చెప్పేది ఉత్తి గాలి కబురని అనను, దానికి ఒక మూలం ఉంది. బాస్ మోగించే పెద్ద స్పీకర్, అంటే వూఫర్‌లో, ముందు గరాటులా ఉండి కదిలే కోన్‌ని వెనక నుంచి పట్టుకుని ఉండే ముడతల బట్ట రింగు ఒకటి ఉంటుంది, స్పైడర్ అంటారు. బట్టని రెజిన్‌లో ముంచి అచ్చు పోసి చేస్తారు కాబట్టి కొత్తలో గంజి పెట్టిన నేత చీరలా బిరుసుగా ఉంటుంది. కాసేపు గట్టిగా ఆడిస్తే ఆ బిరుసు కొంత వదిలి రెసొనెన్స్ (కోన్ తనంతట తాను ఊగే స్థాయి) కొన్ని హెర్ట్జ్ కిందికి దిగుతుంది. మీటర్ మీద కనబడే మార్పే ఇది, ఊహ కాదు. కానీ అందులో పెద్ద భాగం మొదటి కొద్ది గంటల్లోనే అయిపోతుంది, ఆ తర్వాత గీత దాదాపు కదలదు.

ఇయర్‌ఫోన్‌లో ఆ స్పైడరే లేదు. ఒక సన్నని ప్లాస్టిక్ పొర, దాని అంచే దానికి స్ప్రింగు. మూసి ఉన్న చెవి గొట్టంలో ఆ పిసరంత గాలిని ఊపడానికి పొర కదలాల్సింది మిల్లీమీటరులో చాలా చిన్న వంతు. అంత చిన్న కదలికకి "విచ్చుకోవడానికి" ఏముంది? ఏదో కొద్దిగా మారితే మారొచ్చు. మీరు చెప్పే సూదులు పోయేంత మాత్రం మారదు.

బాస్_బాబాయ్
కొలతలు కావాలంటే నా దగ్గరా ఉన్నాయి. ఇన్నర్‌ఫిడెలిటీ అనే హెడ్‌ఫోన్ రివ్యూల సైట్‌లో టిల్ హెర్ట్‌సెన్స్ అనే ఆయన ఏకేజీ క్యూ701 హెడ్‌ఫోన్ మీద గంటలకొద్దీ ఆడిస్తూ కొలిచాడు. గీత మారింది. తర్వాత కొత్తదీ ఆడించినదీ పక్కపక్కన పెట్టి, ఏది ఏదో తెలియకుండా విని, ఎక్కువసార్లు సరిగ్గానే చెప్పాడు. ఇప్పుడేమంటారు?

ఓంమీటర్
ఆ మార్పు చాలా చిన్నదని చెప్పింది కూడా ఆయనే బాబాయ్, ఆ సగం వదిలేశారు. పైగా అది చెవి చుట్టూ కూర్చునే పెద్ద హెడ్‌ఫోన్, చెవిలో దూరేది కాదు. ఇక వినికిడి పరీక్ష అంటారా, అందులో ఉన్నవి రెండు వేర్వేరు జతలు. ఒకే మోడల్ రెండు జతలు కొత్తలోనే కాస్త తేడాగా ఉండొచ్చు కదా.

షూర్ అనే ఇయర్‌ఫోన్స్ కంపెనీ వాళ్ళ మాట కూడా ఒకటుంది, 1997లో వచ్చిన ఈ1 అనే ఇయర్‌ఫోన్స్ బాగా వాడినవి మళ్ళీ కొలిస్తే ఫ్యాక్టరీ లైన్ మీంచి దిగినప్పుడు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయని. ఇయర్‌ఫోన్స్ చేసేవాళ్ళే మారదంటుంటే, అమ్మేవాళ్ళు మారుతుందంటున్నారు.

మద్దెలదరువు
ఇరవై ఏళ్ళకి పైగా మృదంగం వాయిస్తున్నాను కాబట్టి నాదీ ఒక మాట. కొత్త మూత వేయించిన మృదంగం మొదటి రోజు మొద్దుగా ఉంటుంది. కొన్నాళ్ళు వాయిస్తేగానీ నాదం కుదరదు, శ్రుతి చేసిన అరగంటకే దిగిపోతుంది. ఎడమ పక్కన రవ్వ ముద్ద ఒత్తి బరువు సరిచూసుకుంటాం. వానాకాలం ఒకలా, రోహిణి కార్తెలో ఒకలా పలుకుతుంది. డప్పు అయితే మంట దగ్గర కాస్తేగానీ అసలు మోగదు. కాబట్టి వాయిద్యం వాడుకతో మారుతుందంటే నేను నమ్ముతాను.

కానీ అది తోలు. తోలు నీళ్ళు తాగుతుంది, సాగుతుంది, బిగుస్తుంది. ప్లాస్టిక్ పొర తాగదు కదా. మా అబ్బాయి కీబోర్డ్‌లో ఉన్న మృదంగం శబ్దం కొన్న రోజు ఎంత దరిద్రంగా ఉందో ఇవాళ్టికీ అంతే దరిద్రంగా ఉంది.

నైట్‌షిఫ్ట్_నాని
డప్పులా మంట దగ్గర పెట్టి కాచమంటారేమో అని చదువుతూ భయపడ్డా.

గోదారి_గట్టు
నేను ఆ పని చేశాగా, కరెంటుతో.

సైడ్‌స్టాండ్
మరి కొత్త బండి? షోరూమ్‌లో మొదటి సర్వీసు దాకా స్పీడ్ దాటించొద్దంటారు. అది కూడా సొల్లేనా?

పాతరేడియో
బండిలో ఇనుము ఇనుమును రాసుకుంటుందండీ, పిస్టన్ రింగులు సిలిండరు గోడకి అమరాలి, ఆ రజను నూనెలో దిగాలి, ఆ నూనె మార్చాలి. స్పీకర్‌లో కాయిల్ అయస్కాంతం సందులో దేన్నీ తాకకుండా ఆడాలి. తాకిందంటే అమరినట్టు కాదు, చెడిపోయినట్టు. గోదారి_గట్టు గారి తుమ్మెద బహుశా అదే. లేకపోతే వేడికి పొర వంగి ఉంటుంది.

తెనాలిలో వాల్వు రేడియోలు బాగుచేసిన రోజుల నుంచి చూస్తున్నాను. వాల్వు వేడెక్కడానికి అరనిమిషం పట్టేది, అప్పటిదాకా గొంతు రాదు. కాగితం కోను వానలో చెమ్మగిల్లితే బొంగురు పోయేది, ఎండలో పెడితే తేరుకునేది. మా చిన్నప్పుడు "రేడియో కాస్త వేడెక్కనీ, బాగా పాడుతుంది" అనేది పెద్దల మాట. ఆ రేడియోకి అది నిజం. ఆ మాటే తిరిగి తిరిగి మీ ఇయర్‌ఫోన్ల దగ్గరికి వచ్చి చేరిందని నా అనుమానం.

చిట్టిగారె
పాతరేడియో గారూ, ఈ ఒక్క పోస్టు కోసం నేను ఈ గొడవంతా చదివినందుకు బాధ లేదు.

నా కేసు చెప్తాను. నాది ఆడియో విని టైప్ చేసే పని. రోజుకి ఏడు గంటలు చెవుల్లోనే ఉంటాయి. ఒకటే జత, మూడేళ్ళు. ఏడాదికి 250 రోజులు వేసుకున్నా 5 వేల గంటలు దాటింది. బాబాయ్ లెక్కలో అవి ఇప్పటికి పువ్వు పూసి కాయ కాసి పండు రాలి ఉండాలి. నిజంగా మారింది ఒకే ఒక్కసారి, ఏడాది తర్వాత కుడి పక్క సౌండ్ బాగా తగ్గిపోయింది. డ్రైవర్ పోయిందనుకుని కొత్తది చూడటం కూడా మొదలెట్టా. చెవిలో దూరే రబ్బరు టిప్ తీసి వెలుతురులో పెట్టి చూస్తే జాలీ నిండా గుబిలి. జాలీ కిందికి ఉండేలా పట్టుకుని మెత్తని బ్రష్‌తో దులిపితే మొదటి రోజులా అయిపోయింది. ఇది చదివేవాళ్ళలో సగం మందికి ఇప్పుడు అదే పరిస్థితి ఉంటుంది, వెళ్ళి చూసుకోండి.

సైడ్‌స్టాండ్
చూసుకున్నా. చెప్పకుండా ఉండాల్సింది.

నైట్‌షిఫ్ట్_నాని
నా సిగ్గుమాలిన కథ కూడా వినండి. వైర్ లేని బడ్స్ కొని వాటికీ బర్న్ ఇన్ చేశా. ఒక చార్జికి అయిదు గంటలు వచ్చేవి. వంద గంటలకి ఇరవైసార్లు ఎక్కించి దించాను. ఆ బుల్లి బ్యాటరీ మొత్తం ఆయుష్షే కొన్ని వందల చార్జీలు. సౌండ్ కోసం ప్రాణం తీసినట్టు. పైగా తర్వాత కంపెనీ ఒక సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ పంపింది, పది నిమిషాల్లో సౌండ్ మొత్తం మారిపోయింది. అందులో ఉండేదే ఈక్వలైజర్ కదా, వాళ్ళు అక్కడ మీట నొక్కితే ఇక్కడ బాస్ పెరుగుతుంది. నా వంద గంటలు గోదాట్లో.

గోదారి_గట్టు
గోదావరిని ఎందుకు లాగుతారు మధ్యలో.

డల్లాస్_దోసె
నేను ఈ పరీక్ష ఇంట్లోనే చేశాను, వినండి. ఆఫర్‌లో ఒకే మోడల్ రెండు జతలు కొన్నా, ఒకటి నాకు, ఒకటి డిసెంబర్‌లో వరంగల్ వెళ్ళినప్పుడు తమ్ముడికి ఇద్దామని. నాది 150 గంటలు ఆడించా, వాడిది డబ్బాలోనే ఉంచా. రెండింటికీ ఒకే రకం టిప్పులు వేసి, కళ్ళు మూసుకుని కూర్చుని, మా ఆవిడని తనకి తోచినట్టు మార్చి మార్చి పెట్టమన్నా. 12 సార్లలో 10 సరిగ్గా చెప్పా! ఆ రాత్రి నేను బాస్_బాబాయ్ కంటే పెద్ద భక్తుణ్ణి. ఇలాంటి వేదికల్లో నమ్మనివాళ్ళతో పోట్లాడా కూడా.

తర్వాత మా ఆవిడ ఒక మాటంది, "రెండోది కూడా అన్నే గంటలు ఆడించి మళ్ళీ చూడు, అప్పుడు తెలియకూడదు కదా". నిజమే కదా అని దాన్నీ 150 గంటలు ఆడించా. మళ్ళీ కూర్చున్నా. మళ్ళీ గుర్తుపట్టేశా! అంటే తేడా గంటల్లో లేదు, ఆ రెండు జతలే పుట్టుకతో వేరు. ఒకటి ఇసుమంత ఎక్కువ గట్టిగా మోగేది. కాస్త గట్టిగా వినబడేది చెవికి ఎప్పుడూ మెరుగ్గానే అనిపిస్తుంది. ఓంమీటర్ గారు పైన అన్నది ఇదే.

బాస్_బాబాయ్
అంటే 150 గంటలు వాడినవి తమ్ముడికి కొత్తవని ఇచ్చావన్నమాట.

డల్లాస్_దోసె
వాడు ఈ వేదికలో లేడులెండి.

వరంగల్_వెన్నెల
అనుకోకు అన్నయ్యా.

నైట్‌షిఫ్ట్_నాని
అయిపోయింది. డిసెంబర్‌లో పంచాయితీ.

డల్లాస్_దోసె
ఎవరమ్మా నువ్వు, నా తమ్ముడు కాదు కదా??

వరంగల్_వెన్నెల
కాదు, ఊరికే అన్నా. మీ ముఖం చూడాలని ఉండింది.

బాస్_బాబాయ్
నవ్వుకోండి. నేను 14 జతలు విన్నాను, మీరు ఒక జత. మొదటి రోజు రాసిపెట్టుకున్న నోట్సు ఉంది నా దగ్గర, వారం తర్వాత రాసిన నోట్సు ఉంది. రెండూ ఒకటి కాదు.

చిట్టిగారె
నోట్సు మారిందంటే రాసినవాడు కూడా మారి ఉండొచ్చు కదా. పద్నాలుగు జతల్లో ఒక్కటి కూడా ఆడించాక సౌండ్ పాడవలేదా? అన్నీ మెరుగయ్యాయా? వస్తువు మారేదే అయితే కొన్ని అటు, కొన్ని ఇటు మారాలి. ఎప్పుడూ మంచికే మారుతుందంటే నాకు అలవాటు పడటంలాగే అనిపిస్తుంది. అద్దెకి కొత్త ఇంట్లో దిగితే మొదటి వారం రైలు చప్పుడుకి నిద్ర పట్టదు, నెల తర్వాత రైలు రాకపోతే మెలకువ వస్తుంది. రైలు బర్న్ ఇన్ అయిందా?

బాస్_బాబాయ్
ఒక్కటి పాడయింది. దాన్ని లెక్కలో వేయలేదు.

ఓంమీటర్
ఇదంతా సరే, అసలు అడిగిన మనిషిని వదిలేశాం, ఆయనకి మూడు రోజులే గడువుంది. రెండోచెవి గారూ, మూడు ప్రశ్నలు. ఒకటి, డబ్బాలో వచ్చిన టిప్పుల్లో ఏ సైజు వాడుతున్నారు? రెండు, పెట్టుకునేటప్పుడు కిర్ కిర్ మని చిన్న చప్పుడు వస్తోందా? మూడు, పాటేదీ పెట్టకుండా రెండూ చెవుల్లో ఉంచుకుని నాలుగు మాటలు మాట్లాడండి. మీ గొంతు మీకే కుండలో తలపెట్టి మాట్లాడినట్టు గుమ్ముగా వినబడాలి. రెండు పక్కలా అలా ఉందా?

రెండోచెవి
టిప్పులు డబ్బాలోంచి వచ్చినప్పుడు ఏముందో అదే, మధ్య సైజు అనుకుంటా. కిర్ కిర్ కుడి పక్క వస్తోంది, అది లోపమేమో అని అడుగుదామనుకున్నా. ఎడమ పక్క రాదు. మాట్లాడి చూశా, కుడి పక్క కుండలోనే ఉన్నా, ఎడమ పక్క వరండాలో ఉన్నట్టుంది.

ఓంమీటర్
దొరికింది. ఎడమ చెవిలో టిప్పు సరిగ్గా కూర్చోవట్లేదు, పక్కనుంచి గాలి పోతోంది. ఇయర్‌ఫోన్‌లో బాస్ అంతా ఆ మూసుకున్న గాలి మీదే ఆధారపడి ఉంటుంది. సందు ఉంటే ముందు పోయేది కింది శబ్దాలే, పైవి మాత్రం అలాగే ఉంటాయి. కింద బలం లేకపోయేసరికి పైన ఉన్న స, శ, ష ఒంటరిగా నిలబడి గుచ్చుతాయి. ట్రెబుల్, అంటే పై శబ్దాలు, ఎక్కువైనట్టు అనిపిస్తుంది గానీ ఎక్కువవలేదు, బాస్ పోయింది.

ఇంకొకటి, ఎంత లోపలికి వెళ్ళిందన్నది కూడా ముఖ్యం. చెవి గొట్టంలో మిగిలిన ఖాళీని బట్టి పైన ఎనిమిది కిలోహెర్ట్జ్ చుట్టుపక్కల ఒక ఉబ్బు వస్తుంది, ఈలలో నోటి ఆకారం మారితే స్వరం మారినట్టు. లోపలికి నెడితే ఆ ఉబ్బు పైకి జరుగుతుంది, బయటికి లాగితే కిందికి, అంటే సరిగ్గా మీ శకారాల మీదికి దిగుతుంది. రెండు మూడు మిల్లీమీటర్ల తేడా చాలు. వెయ్యి గంటలు ఆడించినా ఇంత మార్పు రాదు.

కుడి పక్క కిర్ కిర్ లోపం కాదు. అక్కడ గాలి బాగా బిగిసింది కాబట్టి పెట్టుకునేటప్పుడు ఆ ఒత్తిడికి పొర వంగి చప్పుడు చేస్తోంది. మెల్లగా పెట్టుకోండి, ఇయర్‌ఫోన్ మీద ఉన్న చిన్న రంధ్రాన్ని వేలితో మూయకండి. ఇప్పుడు ఎడమ పక్కకి పెద్ద సైజు వేయండి, కుడికి అదే ఉంచండి. చెవి కొద్దిగా పైకీ వెనక్కీ లాగి లోపలికి తిప్పుతూ పెట్టండి.

సైడ్‌స్టాండ్
రెండు పక్కలా వేరే వేరే సైజులా? అలా కూడా వేస్తారా?

పాతరేడియో
ఎడమ కాలికీ కుడి కాలికీ చెప్పు ఒకటే కొలత సరిపోదు చాలామందికి. చెవులూ అంతే.

బాస్_బాబాయ్
చూశారా, చెప్పుల దగ్గరికే వచ్చారు చివరికి.

మద్దెలదరువు
ఆయనన్న సందు మాట మాకు బాగా తెలుసు. మృదంగం మూతకి ఎక్కడైనా చిన్న చీలిక వచ్చిందంటే ముందు గుమకీ, అంటే ఎడమ పక్క గుమ్మనే నాదం, పోతుంది. పై దెబ్బలు మాత్రం టక్ టక్ మని ఇంకా కఠినంగా వినబడతాయి.

కోఠిగల్లీ
కౌంటర్ మీద నాలుగేళ్ళు కూర్చున్నా టిప్పులు మార్చి చూడమని నేను ఒక్కరికీ చెప్పలేదు. నిజంగా తెలీదు. చిన్నవీ పెద్దవీ ఊరికే డబ్బా నింపడానికి ఇస్తారనుకునేవాణ్ణి.

వరంగల్_వెన్నెల
నావి ఇప్పటికీ ప్లాస్టిక్ కవర్‌లోనే ఉన్నాయి, చింపలేదు. పెద్దవి నొప్పి పుట్టవా?

చిట్టిగారె
నొప్పి పుడితే అది నీ సైజు కాదు. ఫోమ్ టిప్పులు వేసి చూడు, నలిపి సన్నగా చేసి పెడితే లోపల ఉబ్బి చెవి ఆకారానికి సర్దుకుంటాయి. రోజంతా పెట్టుకునే నాకు అవే హాయి. కాకపోతే కొన్ని నెలలకే అరిగిపోతాయి, ఖర్చు. పైన మెరుపు కూడా కొంచెం తగ్గిస్తాయి, సూదుల బాధ ఉన్నవాళ్ళకి అదీ మంచిదే.

రెండోచెవి
ఇప్పుడే మార్చాను. ఏం చెప్పాలో తెలియట్లేదు. డబ్బాలో ఉన్న పెద్దది ఎడమకి వేసి, మీరన్నట్టు చెవి లాగి తిప్పి పెట్టా. ఫ్యాన్ చప్పుడు టక్కున ఆగిపోయింది. పాట పెడితే బాస్ పక్కింట్లోంచి మా ఇంట్లోకి వచ్చేసింది. ఇన్నాళ్ళూ గాయని కొంచెం కుడి పక్కకి జరిగి పాడుతోందేంటా అనుకునేవాణ్ణి, రికార్డింగే అలా ఉందేమో అని, ఆవిడ కూడా మధ్యలోకి వచ్చి నిలబడింది. శకారాలు ఉన్నాయి, పూర్తిగా పోలేదు, కానీ సూది లేదు. "శ్రీ" అన్నా బతికే ఉన్నా.

ఓంమీటర్
మిగిలిన ఆ కాస్త ఆ మోడల్ స్వభావం అయ్యుండొచ్చు. ఈక్వలైజర్‌లో ఆరు నుంచి ఎనిమిది కిలోహెర్ట్జ్ మధ్య ఓ మూడు డీబీ (డెసిబెల్స్) తగ్గించి వినండి. అప్పటికీ నచ్చకపోతే గడువులోపు తిరిగి ఇచ్చేయండి, మొహమాటం వద్దు. చెవికి అలవాటవుతుందిలే అని మాత్రం ఉంచుకోవద్దు.

గోదారి_గట్టు
అలాగే వాల్యూమ్ కూడా. ఇప్పుడు గాలి బిగిసి బయట గోల తగ్గింది కాబట్టి ఇదివరకటి గీత అక్కర్లేదు, తగ్గించు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళకి చెప్పే లెక్క 80 డీబీ దగ్గర వారానికి 40 గంటలు, అంతకంటే గట్టిగా వింటే గంటలు గబగబా తగ్గిపోతాయి. డ్రైవర్ పోతే మూడు వేల అయిదొందలు. చెవి పోతే షాపులో దొరకదు.

బాస్_బాబాయ్
అంతా బాగానే ఉంది గానీ ఒక్క మాట. టిప్పు మార్చేనాటికి ఆయన జత ఎన్ని గంటలు ఆడిందో అడిగారా ఎవరైనా? అది లెక్కలోకి రాదా?

రెండోచెవి
వచ్చేముందు చూశా బాబాయ్, 31 గంటలు. మీరు అడుగుతారనే నా ఫ్రెండ్ నిన్న కొన్న అదే మోడల్ సీల్ విప్పించి, అదే టిప్పులు మార్చి వేసుకుని విన్నా. సున్నా గంటలు. నాకు రెండూ ఒకటిగానే ఉన్నాయి. చిన్న సైజు, పెద్ద సైజు మార్చి చూస్తే మాత్రం ఏ జతకైనా వెంటనే తెలిసిపోతోంది.

బాస్_బాబాయ్
31 తక్కువ. 60 దాటనివ్వు.

చిట్టిగారె
బాబాయ్‌ని మార్చడానికి ఎన్ని గంటలు పింక్ నాయిస్ పెట్టాలో ఓంమీటర్ గారు లెక్క కట్టాలి.

బాస్_బాబాయ్
నేను ఫ్యాక్టరీలోనే టెస్ట్ అయి వచ్చాను తల్లీ, ఇక మారను. ఇంతకీ ఆ పెద్ద టిప్పు ఎన్ని మిల్లీమీటర్లు? నా పాడైపోయిన జతకి వేసి చూద్దామని. ఊరికే, తెలుసుకోవడానికి.

రెండోచెవి
డబ్బా మీద రాయలేదు, స్కేలుతో కొలిచి రాత్రికి పెడతా. ఇంకో సంగతి, పింక్ నాయిస్ ఆపేశాక నిన్న రాత్రి మళ్ళీ నీళ్ళ చప్పుడు. ఈసారి అమ్మ లేవలేదు, "మళ్ళీ వాడి సొద మొదలైంది" అనుకుని పడుకుంది. పొద్దున్నే చూస్తే వంటిల్లంతా నీళ్ళు.

నైట్‌షిఫ్ట్_నాని
అమ్మ బర్న్ ఇన్ అయిపోయింది.

కోఠిగల్లీ
31 గంటలు ఆడించిన జత, గ్యారంటీ ఉంది, ఎవరికైనా కావాలా? బాబాయ్‌కైతే మూడొందలు ఎక్కువ.